పెనం మోగే క్షణం

నాకు నర్సు పని నేర్పిన పెద్ద సిస్టర్ ఇక లేరని పోయిన మంగళవారం పొద్దున మిర్యాలగూడ నుంచి ఆమె బిడ్డ ఫోన్ చేసింది. నేను అప్పుడు సూర్యాపేటలో, మా పిల్లల దవాఖాన సూది గదిలో ఉన్నాను. రెండు చేతులూ పనిలో ఉంటే ఆయమ్మ ఫోన్ నా చెవి దగ్గర పట్టుకుంది. "సరే బిడ్డా, వస్తున్న" అన్నాను. ముందున్న చంటివాడికి సూది వేశాను. వరుసలో ఇంకా నలుగురున్నారు, వాళ్లకూ వేశాకే డాక్టరు గారికి చెప్పి బయల్దేరాను. వచ్చినవాళ్లను కూర్చోబెట్టి నర్సు లేచిపోవడం పెద్ద సిస్టర్‌కు ఎప్పుడూ నచ్చేది కాదు.

మా ఊళ్లో ఇప్పుడు కాలేజీలకు పోతున్న పిల్లల్లో చాలామందికి ఆమె పేరు తెలియదు. ఆమె చెయ్యి మాత్రం తగిలే ఉంటుంది. చిన్నప్పుడు వాళ్లు ఆమెను సూదమ్మమ్మ అనేవారు. ఆమె కోదాడ నుంచి రోజూ బస్సులో వచ్చి, మళ్లీ బస్సులోనే పోయేవారు. సీటు దొరికిన రోజు దాని గురించి మధ్యాహ్నం దాకా చెప్పేవారు.

సూది గదిలో గోడకు ఒక టీవీ ఉండేది. దానికి ఒకటే డిస్కు. పిల్లీ ఎలుకా కొట్టుకునే పాత కార్టూన్లు. పిల్లి తరుముతుంది, ఎలుక కన్నంలో దూరుతుంది, పిల్లి పోయి గోడకు గుద్దుకుంటుంది. చివరికి ఎలుక పొయ్యి మీది ఇనుప పెనం ఎత్తి పిల్లి ముఖాన ఒక్కటిస్తుంది. ఠంగుమని మోగుతుంది. ఆ మోతకు ఎంత మొండి ఏడుపైనా ఒక్క క్షణం ఆగిపోయేది. ఆ క్షణంలోనే పెద్ద సిస్టర్ సూది దించి తీసేసేవారు. తనకు ఏం జరిగిందో ఆ పసివాడికి తెలిసేసరికి దూది కూడా ఒత్తేసి ఉండేవారు.

తమాషా ఏమిటంటే ఆమె ఆ కార్టూన్ ఎన్నడూ చూడలేదు. టీవీ ఎప్పుడూ ఆమె వీపు వెనకే. అంతా వినికిడితోనే.

నేను కొత్తగా చేరినప్పుడు పొద్దస్తమానం అదే మోత విని నా తల పగిలిపోయేది. ఒక శనివారం నా సొంత తెలివి చూపించి వేరే డిస్కు పెట్టాను. అందులోనూ పిల్లీ ఎలుకే కదా అనుకున్నాను. పెద్ద సిస్టర్ సూది పట్టుకుని పెనం కోసం ఆగారు. గిన్నెలు పడ్డాయి, కుర్చీలు విరిగాయి, పెనం మాత్రం పడదే! ఆమె చెయ్యి గాల్లోనే ఉంది. ఇంతసేపు ఏం చేస్తున్నారా అని తల్లి ఒళ్లోని పిల్లవాడు ఇటు తిరిగాడు. సూది చూశాడు. వాడు పెట్టిన కేకను బయట బెంచీల మీది పిల్లలంతా అందుకున్నారు. ఒక పిల్ల చెప్పులు వదిలేసి రోడ్డు దాకా ఉరికింది.

"పెనం ఏమాయె చెల్లె?" అన్నారు.

డిస్కు మార్చానని చెప్పాను. తిట్లు తప్పవనుకున్నాను.

"నా చెయ్యి దానికి అలవాటు పడ్డది. నేను చెప్తే ఇంటలేదు, అది మోగితేనే కదుల్తది. పాతదే పెట్టు" అన్నారు. అంతే. ఆ తర్వాత నా చెయ్యి కూడా ఆ మోతకే అలవాటు పడింది.

"నొప్పి కాదు" అని ఆమె ఏ పిల్లకూ చెప్పలేదు. "జర నొస్తది, గప్పున పోతది" అనేవారు. అబద్ధం చెప్తే మళ్లీసారి చెయ్యియ్యరని నాకు నేర్పింది ఆమే. సాయంత్రం ఏప్రాన్ మడిచి సంచిలో పెట్టుకుంటూ రోజూ ఒకటే అడిగేవారు.

"ఇయ్యాలన్న పిల్లి గెలిచిందా?"

"లేదక్కా."

"పోనియ్యి. పొద్దుగాల మళ్ల వస్తది గద."

మొదట్లో నవ్వేదాన్ని. కాళ్లు వాచి చెప్పులు పట్టని సాయంత్రాలు నాకూ మొదలయ్యాక నవ్వడం మానేశాను.

రిటైరయ్యాక షుగరు ఆమె కిడ్నీల మీద పడింది. బిడ్డ మిర్యాలగూడ తీసుకుపోయింది. చనిపోవడానికి తొమ్మిది రోజుల ముందు, ఆదివారం, చూడడానికి వెళ్లాను. రోజూ వచ్చి సూది వేసే కుర్రాడు ఆ రోజు రాలేదు. ఆమె ఎడమ చెయ్యి నా ముందు చాపారు.

"నువ్వెయ్యి చెల్లె. పెనం గూడ పెట్టు."

ఫోన్‌లో ఆ కార్టూనే వెతికి దిండుకు ఆనించాను. మొదటిసారి చూశారు.

"గిదా పిల్లి? నేను శానా పెద్దదనుకున్న" అన్నారు. ఇంకాస్త చూసి, "ఎలుక గూడ అలిసిపోయింది సూడు" అన్నారు.

నరాలన్నీ లోపలికి పోయాయి. వేలితో తడిమి ఒకటి పట్టుకున్నాను. ఠంగుమంది. నా చెయ్యి కదల్లేదు. నేను గుచ్చాల్సింది నాకు పని నేర్పిన చేతికే. మోత అయిపోయాక గుచ్చాను, నరం తప్పింది. మళ్లీ గుచ్చాను.

"నొప్పైందా అక్కా?"

"లే. తెల్వనే తెల్వలె. మంచిగేసినవ్."

నమ్మాను. ఆ సాయంత్రం సూర్యాపేట బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఇన్నేళ్లకు ఆమె రుణం కొంతైనా తీర్చానని సంతోషపడ్డాను కూడా.

పోయిన మంగళవారం అంత్యక్రియల ప్రార్థన అవుతుండగా శవపెట్టెలో ఆమె చెయ్యి చూశాను. మోచేతి మడత దగ్గర నల్లగా కమిలి ఉంది. ఇదేమిటని ఆమె బిడ్డను అడిగాను. తల్లి చేతి మీదికి చీర కొంగు లాగి చెప్పింది.

"నువ్వు సూదేసిన కాడనే పిన్నీ. మస్తు వాచింది. నాలుగు రోజులు ఆ చెయ్యి లేపలేదు. పిన్నికి చెప్పకు అన్నది. మళ్ల సూది పట్టాలంటే భయపడ్తది, దాని దగ్గరికి పిల్లలు వస్తరు అన్నది."

జీవితంలో ఆమె ఆడిన అబద్ధం నాకు తెలిసి అదొక్కటే. అది నా చెయ్యి కోసం ఆడారు.

మర్నాడు డ్యూటీకి వచ్చాను. అయిదేళ్ల పాప తల్లి ఒళ్లో కూర్చుంది. ఇప్పుడు డిస్కు లేదు, అదే కార్టూన్ పెన్‌డ్రైవ్‌లో ఉంది. పెనం మోగింది, నేను వెయ్యలేకపోయాను. తల్లి నా ముఖం చూసింది. మళ్లీ మొదటి నుంచి పెట్టించాను. "జర నొస్తది, గప్పున పోతది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఠంగుమంది. చెయ్యి దానంతటదే కదిలింది.

పాప ఏడవలేదు. టీవీ మీది నుంచి కళ్లు తిప్పకుండానే అడిగింది.

"సిస్టర్, పిల్లికి నొప్పైందా?"

"అయింది బిడ్డా. చెప్తలేదంతే."

దూది ఒత్తి పట్టుకుని నేనూ అటే చూశాను. పిల్లి చదునైన ముఖాన్ని రెండు చేతులతో సర్దుకుని, లేచి, మళ్లీ ఆ కన్నం వైపు నడుస్తోంది.