ఫ్రిజ్ తలుపు తెరవని తనిఖీ

దుబాయి నుంచి తిరిగొచ్చేనాటికి నాకు చేతనైన పని వంట ఒక్కటే. అక్కడ ఒక హోటల్లో గిన్నెలు తోమడంతో మొదలుపెట్టి, కూరగాయలు కోసి, చాలా ఏళ్లకు పొయ్యి దగ్గరికి చేరాను. ఆ వంటగదిలో మున్సిపాలిటీ నుంచి తనిఖీకి వచ్చే బల్దియా వాళ్లంటే అందరికీ హడల్. చెప్పాపెట్టకుండా వచ్చేవాళ్లు. ఫ్రిజ్ తెరిచి డబ్బా డబ్బా మీద తేదీ చదివేవాళ్లు. మాంసం కోసే పీట మీద వేలు రాసి చూసేవాళ్లు. ఒకసారి ఒక ఆఫీసరు నా ఫ్రిజ్ అంతా చూసి, తలుపు మూసి, నా వైపు తిరిగి బాగుందన్నట్టు తల ఊపాడు. ఆ రోజంతా నాకు పండగలాగే గడిచింది. ఆ దేశంలో నా పనిని అంత శ్రద్ధగా చూసినవాళ్లు వేరే ఎవరూ లేరు.

మా ఊరు నందిపేట్ దగ్గర. నేను లేనన్నాళ్లూ పసుపు, వరి, పిల్లల చదువు అన్నీ నా భార్యే చూసుకుంది. తిరిగొచ్చాక నేనేదైనా పని అందుకోబోతే, "నువ్వు కూసో, నీకు తెల్వది" అనేది. కోపంతో కాదు. నిజంగానే నాకు తెలియదు. మోటారు ఎక్కడ ఆన్ చేయాలో, ఏ కూలామెకు ఏ మాట చెప్పాలో ఆమెకే ఎరుక.

హోటల్ పెడదామని బోధన్‌లో రోడ్డు వైపు ఒక గది ఖాళీగా ఉందని తెలిసి మాట్లాడుకున్నాను. గది యజమాని కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొనుక్కున్న కుటుంబం పెద్దాయన. ఒకప్పుడు చెరకు వేసేవాడు, చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక వరికి మారాడు. హోటల్ వెనక గదిలో మంచం వేసుకుని అక్కడే ఉండిపోయాను. భార్యను రమ్మంటే, "మరి చేను ఎవలు సూస్తరు?" అంది.

ట్రేడ్ లైసెన్సుకు, బోరు నీళ్ల పరీక్షకు, మెడికల్ సర్టిఫికెట్‌కు ఒక్కణ్ణే తిరిగాను. సర్కారు దవాఖానాలో డాక్టరమ్మ నా చేతులు తిరగేసి, కాలిన మచ్చల దగ్గర ఆగి, "వంట చేస్తారా?" అని అడిగింది. అవునన్నాను.

"ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండెనా?"

కనుక్కుని చెబుతానన్నాను. మా అమ్మకు చనిపోయేముందు దగ్గు ఎక్కువగా ఉండేదని ఫోన్లో విన్నాను. అది ఏం దగ్గో అప్పుడు అడగలేదు. బయటికొచ్చి వరండాలో నిలబడి భార్యకు ఫోన్ చేశాను.

"టీబీ గాదు, దమ్ము," అంది. "అప్పుడే నీకు చెప్పిన గద."

చెప్పే ఉంటుంది. లోపలికి పోయి డాక్టరమ్మకు దమ్మేనని, ఆయాసం జబ్బని చెప్పాను.

ఇక ఫుడ్ లైసెన్సు వాళ్లు వచ్చి చూడటమే మిగిలింది. నేను పరీక్షకు చదివినట్టు తయారయ్యాను. మాంసానికి ఎర్ర పీట, కూరగాయలకు పచ్చ పీట. ప్రతి డబ్బాకు మూత, మూత మీద చీటీ, చీటీ మీద తేదీ. ఇంకా ఒక్క ఇడ్లీ కూడా అమ్మకముందే నెత్తికి టోపీ పెట్టుకుని తిరిగేవాణ్ణి. పెద్దాయన గుమ్మంలోంచి తొంగిచూసి నవ్వాడు.

"ఏం బాబూ, ఇది హోటలా, ఆపరేషన్ థియేటరా?"

ఒక మధ్యాహ్నం ఆఫీసరు బైక్ మీద వచ్చాడు. నాకంటే చాలా చిన్నవాడు. ఎండకు మొహం కమిలిపోయి ఉంది. గడపలోంచే రెండు ఫోటోలు తీసుకున్నాడు, సింకు దగ్గర ఇంకొకటి. నీళ్ల రిపోర్టు, మెడికల్ చూసి తిరిగి ఇచ్చేశాడు.

"సార్, ఫ్రిజ్ సూడుండ్రి," అన్నాను.

"అక్కర్లేదన్నా. సూస్తుంటేనే తెలుస్తున్నది."

"మాంసానికి పీట అలగ్ పెట్టిన సార్."

"మస్తున్నదన్నా. గింత నీటుగ ఎవ్వలు పెట్టరు," అంటూనే హెల్మెట్ తగిలించుకున్నాడు. "ఇంకా వర్ని దిక్కు పోవాలె. పొద్దూకుతది."

చాయ్ తాగమంటే వద్దని చెయ్యి ఊపాడు. అతని తప్పేమీ లేదు. చూడాల్సిన కాగితాలన్నీ చూశాడు, మర్యాదగా మాట్లాడాడు. బైక్ చప్పుడు పోయాక నేను వంటగదిలోకి వచ్చి, ఫ్రిజ్ తెరిచి, చీటీలన్నీ బయటికి కనబడేలా తిప్పిన డబ్బాల వైపు చూస్తూ నిలబడ్డాను. చల్లగాలి మొహానికి తగులుతూ ఉంది.

"పాసయ్యావు కదయ్యా, ఇంకా ఏంటా మొహం?" అన్నాడు పెద్దాయన సాయంత్రం. ఫ్రిజ్ తెరిచి చూడలేదని చెబితే నవ్వుతాడని, పీటలు కడిగే పనిలో పడ్డాను.

హోటల్ తెరిచిన రోజు భార్య రాలేదు, ఇంటి దగ్గర పసుపు ఉడకబెడుతున్నారు. ఆ పనులన్నీ అయ్యాక ఒకరోజు బస్సులో వచ్చింది. మధ్యాహ్నం గిరాకీ తగ్గేదాకా మూల బల్ల దగ్గర కూర్చుంది. తర్వాత లేచి నేరుగా వంటగదిలోకి వచ్చి ఫ్రిజ్ తెరిచింది.

"గీ చీటీలేంది?"

"ఎప్పుడు వండిందో రాస్త."

"రోజు రాస్తవా?"

"రోజు."

"దుబాయిల గూడ గిట్లనే చేస్తుంటివా?" ఒక్కో డబ్బా తీసి, చదివి, మళ్లీ అక్కడే పెట్టింది. "ఎన్నడు చెప్పలే."

"గిది గూడ చెప్పాల్నా? పని మంచిగున్నది అంటుంటి గద."

ఆమె ఫ్రిజ్ తలుపు మూసింది. తర్వాత నా వైపు చూడకుండానే అడిగింది. "ఆడ ఎవలతోని తింటుంటివి?"

"ఎవలు లేరు. పని నడుమ నిలవడే తినేటోన్ని."

ఆమె రెండు ప్లేట్లలో అన్నం పెట్టింది. ఎదురెదురుగా కూర్చుని తిన్నాం. పప్పులో ఉప్పు తక్కువైందంది. బస్సు ఎక్కేముందు, "సోమారం ఇంటికి రారాదు?" అంది. వస్తానన్నాను.

సోమవారం హోటల్ మూసి ఊరికి పోయాను. ఇంటికి తాళం వేసి ఉంది. చేనుకు పోయిందని పక్కింటామె చెప్పింది. "తాళంచెయ్యి ఎప్పుడు పెట్టేకాడనే ఉంటది, తీస్కో," అని లోపలికి పోయింది. ఎప్పుడూ ఎక్కడ పెడుతుందో నాకు తెలియదు. పక్కింటామెను మళ్లీ పిలిచి అడగడానికి సిగ్గేసింది. కూరల సంచి పక్కన పెట్టుకుని, నా భార్య వచ్చేదాకా నా ఇంటి గడప మీదే కూర్చున్నాను.