ఆరూ ఇరవై అని చెప్పాను

ఉదయం ఆరూ ఇరవైకి మా ఇంట్లో పాలు పొంగిపోయాయి.

ఆ టైము మావారికి చెప్పింది నేనే. పాలు పొంగిన మాట నిజం. టైము అబద్ధం. ఆ అబద్ధాన్ని ముప్ఫై ఏళ్లకు పైగా మోశాను. ఆయన పోయి ఏడాది దాటింది. ఆయన ఉన్నంతకాలం ఎవరికీ చెప్పలేదు, ఆయనకు అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

పెద్ద మాటలు వాడను. దుఃఖంలో ఉన్నవాళ్లు పెద్ద మాటలు వాడితే నాకు అనుమానం వస్తుంది. పైగా ఇందులో దుఃఖం కన్నా నవ్వే ఎక్కువ. నన్ను ఇబ్బంది పెట్టింది కూడా అదే. తప్పు చేసిన మనిషి అంత సంతోషంగా ఉండవచ్చా?

మాది పర్చూరు దగ్గర ఒక ఊరు. ఊరికి ఒకవైపు పత్తి, ఒకవైపు మిరప. మావారు పురోహితులు. ఎనభైల మొదట్లో, చీమకుర్తి రాళ్లు తోలే లారీ యజమాని కోటేశ్వరరావు గారు మా ఊళ్లో కొత్త ఇల్లు కట్టుకున్నారు. గృహప్రవేశం చేయించినందుకు పంచెల చాపుతో పాటు తన చేతి వాచీ విప్పి మావారి చేతిలో పెట్టారు. ఫారిన్ వాచీ, తోలు బెల్టు. ఆటోమేటిక్ అన్నారు. కీ ఇచ్చే పనే లేదని, దానంతటదే నడుస్తుందని చెప్పారు. తాను స్వయంగా లారీ నడిపిన పదేళ్లలో ఒక్కసారి కూడా ఆగలేదట.

మా ఇంటికి వచ్చిన మూడో రోజే ఆగింది.

రెండు తట్లు తడితే నడిచేది. ఒకటి రెండు రోజులకు మళ్లీ ఆగేది. మావారు దాన్ని చిలకలూరిపేటలో వాచీలు బాగుచేసే ఆయనకు ఇచ్చి వచ్చారు. ఆయన విప్పి, తుడిచి, నూనె వేసి, వారం పాటు తన చేతికే పెట్టుకుని చూశాడు. బ్రహ్మాండంగా నడిచింది. దీనికి ఏ జబ్బూ లేదు, చేతికి పెట్టుకుంటే చాలునన్నాడు. "అయితే జబ్బు నాకా?" అంటూ మావారు ఇంటికొచ్చారు. ఇక సొంత వైద్యం మొదలుపెట్టారు. ఇనప మేకుకు తగిలించడం వల్ల ఆగుతోందేమోనని మేకు పీకి కొయ్య ముక్క దిగ్గొట్టారు. బియ్యం డబ్బాలో పెట్టి చూశారు. తోలు బెల్టు తీయించి స్టీలు గొలుసు వేయించారు. అది మణికట్టు మీద వెంట్రుకలు పీకుతోందని వారానికే మళ్లీ తోలు బెల్టు వేయించుకున్నారు.

ఆ తోలే అసలు కారణమని మాకెవరికీ తట్టలేదు. మడి కట్టుకుంటే తోలు తగలకూడదు. అందుకని తెల్లవారుజామున లేస్తూనే ఆయన వాచీ తీసి వెనక తలుపు పక్కన కొయ్యకు తగిలించేవారు. పూజ, భోజనం, మధ్యాహ్నం కునుకు, అన్నీ అయ్యేదాకా అది అక్కడే. సాయంత్రం చేతికి పెట్టుకుని అరుగు మీద కూర్చుని పంచాంగం చూసేవారు. ఆ చేయి కదిలేది పేజీ తిప్పినప్పుడే.

నేను పదో తరగతి దాకా చదువుకున్నాను. టీచరు కావాలని ఉండేది. మా ఊళ్లో అప్పట్లో చేతికి వాచీ ఉన్న ఆడవాళ్లు ఇద్దరే, బడి టీచరమ్మ, నర్సమ్మ. ఒక మధ్యాహ్నం ఆయన నిద్రపోతున్నారు. పెరట్లో ఎండుమిరపకాయలు దంచాలి. రోకలి తీసుకోబోతూ వాచీని చూశాను. తీసి చేతికి పెట్టుకున్నాను. చివరి కన్నంలో కూడా వదులుగానే ఉంది. ఎందుకు పెట్టుకున్నాను? పెట్టుకోవాలనిపించింది, అంతే. కారం దంచుతున్నంతసేపూ నా చేతి వైపే చూసుకున్నాను. తుమ్ములొస్తున్నాయి, నవ్వొస్తోంది. నాకు అప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు. ఇద్దరు పిల్లల తల్లిని. గోడ అవతల ఎవరైనా వింటే ఏమనుకునేవారో.

ఆ తర్వాత వాచీ రెండు రోజులు ఆగలేదు. ఆగిన రోజు మళ్లీ పెట్టుకుని పప్పు రుబ్బాను. మళ్లీ నడిచింది. అలా నాలుగైదుసార్లు చూశాక నాకు అర్థమైంది. దానికి కావలసింది ఊగే చేయి. లారీ స్టీరింగు తిప్పే చేయి కావాలి, లేదా రోకలి ఎత్తే చేయి కావాలి. పంచాంగం తిప్పే చేయి చాలదు.

ఆ సాయంత్రమే చెప్పి ఉండవచ్చు. చెబితే ఆయన సంతోషించేవారు. చేతులు ఊపుకుంటూ పొలం గట్ల మీద నడిచి వచ్చేవారు. కానీ ఇక వాచీ నా చేతికి వచ్చేది కాదు. అందుకే చెప్పలేదు. మొదటి తప్పు ఇదే. మిగతావన్నీ దీని పిల్లలు.

వాచీ నయమైంది. ఆ ఘనత ఆయన కొయ్య ముక్కకు ఇచ్చారు. ఊరంతా చెప్పారు. బెల్టు మాత్రం కారం వాసన వేసేది. ఒకసారి వాచీ పెట్టుకుని కళ్లు నులుముకుని, మండిపోయి, బావి దగ్గరికి పరుగెత్తారు. ఇదేమిటి, వాచీకి కారం వాసన అన్నారు. ఈ జిల్లాలో కారం వాసన వేయనిది ఏముందండీ అన్నాను. నిజమే సుమా అని ముఖం తుడుచుకున్నారు.

అయితే నెలకోసారి మాత్రం ఆగేది. నేను బయట ఉన్న మూడు రోజుల్లో ఆగేది. ఆ రోజుల్లో వెనక వరండాలో నాకు వేరే చాప, వేరే చెంబు, వేరే పళ్లెం. ఇంట్లో ఏ వస్తువూ తాకకూడదు. వంట కూడా ఆయనే చేసుకునేవారు. వాచీ ఆగిన రోజుల తిథులు సరిచూసి, ఇందులో చంద్రుడి ప్రభావం ఉందని తేల్చారు. తోటి పురోహితులతో చర్చించారు కూడా. ఆ మాట మరీ తప్పు కాదు కదా అని చాప మీద ముసుగు తన్ని నవ్వుకునేదాన్ని.

కోటేశ్వరరావు గారి ఒక్కగానొక్క కూతురు రాజ్యం. కనిగిరి సంబంధం కుదిరింది. మాఘమాసంలో పెళ్లి. ముహూర్తం ఉదయం పదీ నలభై రెండు. ముహూర్తం పెట్టింది మావారే. ఆ ముహూర్తానికి తాను ఇచ్చిన వాచీయే చూడాలని కోటేశ్వరరావు గారి పట్టుదల.

ఆ రోజు నాకు మూడో రోజు.

తెల్లవారింది కానీ మంచు కమ్మి సూర్యుడు కనబడలేదు. వంటింట్లో ఆయన పాలు పొంగించేశారు. పొయ్యి ఆరిన చప్పుడు, ఆయన విసుగు నాకు వరండాలోకి వినిపించాయి. టైమెంతయిందని అక్కడినుంచే అడిగారు. ఆయన మడిలో ఉన్నారు. వాచీ నాకు ఎదురుగా కనబడుతోంది. ముళ్లు రెండూ పది దగ్గర నిలబడి ఉన్నాయి.

ఆగిపోయిందండీ అని ఒక్క మాట చాలు. పక్కింటికి వెళ్లి టైము కనుక్కునేవారు. కానీ ఒక్క క్షణంలో నా బుర్రలో చాలా తిరిగాయి. పెళ్లి రోజున ఆగిందంటే ఈ వాచీ నమ్మదగింది కాదని కోటేశ్వరరావు గారికి తిరిగి ఇచ్చేస్తారు. లేదా నేను బయట ఉన్నప్పుడే ఎందుకు ఆగుతోందో ఈసారి గట్టిగా ఆలోచిస్తారు. ఎలా అయినా వాచీ పోతుంది. రోకలి ఒక్కటే మిగులుతుంది.

ఆరూ ఇరవై అన్నాను.

ఆయన పూజ గదిలోకి వెళ్లగానే లేచాను. తాకకూడని రోజున, తాకకూడని చేత్తో వాచీ తీశాను. నా అబద్ధానికి సరిపోయేలా ముళ్లు తిప్పాను. బాగా ఊపాను. కొయ్యకు తగిలించి చాప మీదికి వచ్చేశాను.

పూజ త్వరగా ముగించి, బట్టలు మార్చుకుని, వాచీ పెట్టుకుని, ఇంకా ఏడు కూడా కాలేదని నింపాదిగా బయల్దేరారు. ఆయన వీధి మలుపు తిరిగారో లేదో, పక్కింటి రేడియోలో ఢిల్లీ వార్తలు మొదలయ్యాయి. అవి ఏడూ అయిదుకు వస్తాయి. వాచీ ఇరవై అయిదు నిమిషాలు వెనక ఉంది.

ఇక్కడే మీరు నన్ను సరిగ్గా చూడాలి. ముళ్లు తిప్పింది తొందరలో చేసిన పని. కానీ ముహూర్తానికి ఇంకా మూడు గంటలకు పైనే ఉంది. నేను వీధిలోకి పోకూడదు, నిజమే. పక్కింటావిడను కేకేసి పెళ్లింటికి కబురు పంపమని అడగవచ్చు. నోటికి మైల లేదు కదా. అడగలేదు. గోడకు ఆనుకుని కూర్చున్నాను. పదకొండుకు వర్జ్యం మొదలవుతుందని నాకు తెలుసు. ఆయన పక్కన కూర్చుని పంచాంగం చూడటం నేర్చుకున్నదాన్ని. పదకొండు దాటాక గట్టిమేళం మా పెరట్లోకి వినిపించింది. రాజ్యం తల మీద జీలకర్ర బెల్లం వర్జ్యంలో పడింది.

సాయంత్రం ఆయన ఇల్లంతా వెలిగిపోయేట్టు నవ్వుకుంటూ వచ్చారు. వరండాకు కాస్త దూరంగా గడప మీద కూర్చున్నారు.

"మగపెళ్లివారి పెద్దాయన తన వాచీ చూపించి, ముహూర్తం దాటిపోతోంది పంతులు గారూ అని ఒకటే గోల. కోటేశ్వరరావు ఏమన్నాడో తెలుసా?"

"ఏమన్నారు?"

"'ఈ వాచీ నాదండీ బావగారూ, చీమకుర్తి రోడ్డు మీద పదేళ్లు ఆగమన్నా ఆగలేదు. మీ కనిగిరి టైము మీ దగ్గరే ఉంచుకోండి, ఇక్కడ ఇదే నడిచిద్ది' అన్నాడు. పాపం ఆ పెద్దాయన తన వాచీ వెనక్కి తిప్పుకున్నాడోయ్. ఆయన్ను చూసి పందిట్లో అందరూ తిప్పుకున్నారు."

చెప్పలేక చెప్పలేక నవ్వారు. భుజం మీది కండువా జారి కింద పడింది. నేనూ నవ్వాను. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాను. అవి ఏ నీళ్లో ఆయన అడగలేదు.

తర్వాత ఏళ్ల తరబడి రాజ్యం కాపురాన్ని దొంగచాటుగా కాపలా కాశాను. ఆమెకు జ్వరమొస్తే నాకు నిద్ర పట్టేది కాదు. ఒకసారి వాళ్ల లారీ కాలవలో దిగబడిందని తెలిస్తే, అందులో ఆమె భర్త లేడని వినేదాకా ముద్ద మింగలేదు. వాళ్లు మాత్రం హాయిగా ఉన్నారు. అంత హాయిగా ఉన్న జంటను నేను చూడలేదు. ఏటా మిరప కోతలయ్యాక ఇద్దరూ మా ఇంటికి ఎండుమిరప బస్తా తెచ్చేవారు. గేటు దగ్గర పోట్లాడుకుంటూ వచ్చి, అరుగెక్కేసరికి నవ్వుకునేవారు. ఆ కాయలే నేను దంచేదాన్ని. ఆ వాచీ పెట్టుకునే దంచేదాన్ని.

మావారు ప్రతి పెళ్లిచూపుల్లోనూ వాళ్ల పేరే చెప్పేవారు. సెకను తేడా లేకుండా జీలకర్ర బెల్లం పెట్టించాను, చూడండి ఎలా ఉన్నారో అనేవారు. నేను మంచినీళ్లు తేవడానికి లోపలికి వెళ్లేదాన్ని.

కొన్నేళ్లకు ఆయన బ్యాటరీ వాచీ కొనుక్కున్నారు. పాతది నా చేతిలో పెట్టి, ఎలాగూ ఆగుతూనే ఉంటుంది, నువ్వు పెట్టుకో అన్నారు. ఆ రోజునుంచి అది ఆగలేదు. నేను బయట ఉన్న రోజుల్లోనూ ఆగలేదు, నా చేతికే ఉంది కనుక.

"నీ చేతిలో ఏముందోయ్?" అన్నారు ఒకరోజు.

అడిగారు కదా. అప్పుడైనా చెప్పవచ్చు కదా. "కారం," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. నా జీవితంలో అంత మంచి అవకాశం మళ్లీ రాలేదు. నవ్వులో పోగొట్టుకున్నాను.

నేను ముహూర్తాలను నమ్ముతానా? నమ్మకపోతే ఇందులో తప్పేముంది, నమ్మితే వాళ్లు అంత సుఖంగా ఎలా ఉన్నారు? చాలాకాలం ఈ రెండు ప్రశ్నల మధ్యే తిరిగాను. ఇప్పుడు అనిపిస్తోంది, నా తప్పు రాజ్యం విషయంలో కాదు. జీవితంలో తెలిసి ఒక్క అబద్ధం ఆడని మనిషి చేత, ముప్ఫై ఏళ్లు నా అబద్ధాన్ని గర్వంగా చెప్పించాను. ఆయన గొంతు తలచుకుంటే ఆ మాటే మొదట వినిపిస్తుంది. సెకను తేడా లేకుండా.

ఆయన పోయిన పదో రోజున రాజ్యం, ఆమె భర్త వచ్చారు. జుట్టు నెరిసింది ఇద్దరికీ. "మేం పోట్లాడుకున్నా నవ్వుకుంటూనే పోట్లాడుకుంటామమ్మగారూ. పంతులు గారి ముహూర్తబలం," అంది. నేను తల ఊపాను. ఇప్పటికీ ఆమెకు చెప్పలేదు. చెబుతానని కూడా మీకు మాటివ్వను.

మీకు చెప్పాను. ఇది రాస్తుంటే నాకు రెండుసార్లు నవ్వొచ్చింది. ఆయన పోయాక ఒంటరిగా నవ్వడం ఇదే మొదలు.

వాచీ నా చేతికే ఉంది. దంచేది లేదు కనుక పొద్దునా సాయంత్రం నడుస్తాను, అదీ నడుస్తుంది. వెనక వరండాలో ఇప్పుడు బట్టలుతికే మిషను పెట్టారు. కోడలు టీచరు. అన్ని రోజుల్లోనూ అన్ని గదుల్లోనూ తిరుగుతుంది, అన్నీ తాకుతుంది. మా ఇంట్లో ఆ మూడు రోజులు ఎవరూ బయట కూర్చోవడం లేదు.