ఎర్ర చుక్క పెట్టిన డై

నాకు ఓపిక లేదు. చిన్నప్పటి నుంచీ లేదు. ఒకచోట కుదురుగా కూర్చోదని నన్ను ఐటీఐలో ఎలక్ట్రానిక్స్‌కి తోశారు, అక్కడైతే చేతులకి పని ఉంటుందని. ఇప్పుడు శ్రీకూర్మం రోడ్డులో నాకో చిన్న కొట్టు ఉంది. వేటకెళ్ళే పడవల వైర్‌లెస్ సెట్లు, జీపీఎస్‌లు, వాటి ఏంటెన్నా వైర్లు బాగుచేస్తాను.

ఏంటెన్నా వైరు మామూలు కరెంటు వైరు కాదు. మధ్యలో ఒక తీగ, దాని చుట్టూ తెల్లటి ప్లాస్టిక్, దానిమీద జడలా అల్లిన సన్నటి రాగి తొడుగు, పైన నల్లటి రబ్బరు. ఆ రాగి అల్లికని కనెక్టర్ మెడ మీద పరిచి, పైన చిన్న గొట్టం తొడిగి, క్రింపింగ్ టూల్‌తో నొక్కాలి. టూల్ దవడల్లో బిగించే ఉక్కు అచ్చుని డై అంటాం. వైరు లావుని బట్టి డై. ఒక సైజు చిన్నదైతే లోపలి తీగ నలిగిపోతుంది. ఒక సైజు పెద్దదైతే పైకి అంతా బాగానే కనబడుతుంది, లోపల అల్లిక మాత్రం వదులుగా ఉండిపోతుంది. నాకు ఈ రెండోదంటేనే భయం.

డైల మీద అంకెలు చీమ తలకాయంత ఉంటాయి. ప్రతిసారీ వాటిని వెలుతురులోకి ఎత్తి చదవడం నాకు విసుగు. అందుకని సన్న వైరు డై మీద ఎర్రటి గోళ్ళరంగుతో ఒక చుక్క పెట్టుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

ఆ ఏడు దసరాకి అక్క కొట్టుకొచ్చి ఆయుధపూజ చేసింది. మా అక్కకి ఏ పనీ సగంలో వదలడం చేతకాదు. టూల్‌కి, మీటరుకి, సోల్డరింగ్ ఐరన్‌కి, చివరికి పెట్టె తెరిచి ఒక్కో డైకీ పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టింది. "అన్నిటికీ పెట్టాలే, ఒకదాన్ని ఒగ్గీకూడదు" అంది. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా డైలకి నేను నూనె రాసి ఉంచుతాను. బొట్టు ఆ నూనెలోనే ఇంకింది.

రెండు రోజులకి సాయంత్రం బావ వచ్చాడు. బావంటే ఆ అక్క మొగుడే. ఆయనకో ఫైబర్ పడవ ఉంది. దాని ఏంటెన్నా వైరు, సన్న రకమే, ఎలుక కొరికేసిందట. "తెల్లారేసరికి ఏటకెల్లిపోవాల, బేగి కట్టీయే" అన్నాడు. గబగబా డైలు తుడిచి, ఎర్ర చుక్క ఉన్నది బిగించి, నొక్కేశాను. నొక్కాక ప్రతి జాయింటునీ గట్టిగా లాగి చూడటం నా అలవాటు. ఆ రోజూ లాగబోయాను.

"ఏటే, మొన్నే పూజ సేసిన మిసను మీద నీకే నమ్మకం లేదా?" అని నవ్వుతూ వైరు లాక్కుని, భుజానికి చుట్టుకుని వెళ్ళిపోయాడు. నేనూ నవ్వాను.

మర్నాడు పది గంటలకి ఇంకెవరిదో లావు వైరు వచ్చింది. చుక్క లేని డై కోసం పెట్టె వెతికితే చుక్క ఉన్నది దొరికింది. అది అసలైన గోళ్ళరంగు చుక్క. మరి నిన్నటి నుంచీ టూల్‌లో ఉన్నదేమిటి? ఊడదీసి గోటితో గీకాను. ఎరుపంతా గోటికి వచ్చేసింది. అంకెల గాట్లలో గడ్డకట్టిన కుంకుమ అది. బావ సన్న వైరుని నొక్కింది లావు వైరు డైతో.

బావకి ఫోన్ చేస్తే అందలేదు. పడవ ఎప్పుడో సిగ్నల్ దాటిపోయింది. సాయంత్రానికి వచ్చేస్తాడులే అని సర్దిచెప్పుకుంటున్నాను, ఇంతలో మత్స్యశాఖ నుంచి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. గాలి ముదురుతోంది, పడవలన్నీ వెంటనే ఒడ్డుకి రావాలని. ఆ కబురు నడిసముద్రంలో ఉన్నవాళ్ళకి చేరేది వైర్‌లెస్ మీదే.

కొట్టు తలుపు వేశానో లేదో గుర్తులేదు. స్కూటీ తీసి ఒడ్డుకి పోయాను. చేపల వేలంపాట జరిగే రేకుల షెడ్డులో ఒక సెట్టు ఉంది. దాని ముందు కూర్చుని బావ పడవని పిలిచాను. మిగతా పడవలు పలికాయి, బావ పలకలేదు. మళ్ళీ పిలిచాను. కూర్చోలేను, లేస్తే నిలబడలేను. షెడ్డు నుంచి నీళ్ళ దాకా, నీళ్ళ నుంచి షెడ్డు దాకా ఎన్నిసార్లు తిరిగానో.

"ఏటే, కాలుగాలిన పిల్లిలాగ తిరగతన్నావు? ఆయనకి గాలి సంగతి తెల్దేటి?" అంది అక్క, అప్పటికే వచ్చి ఇసుకలో కూర్చుని. ఆమె నుదుటి మీది బొట్టు చూడలేకపోయాను. నీ కుంకుమ వల్లేనే అని నోటి దాకా వచ్చింది, సిగ్గు లేకుండా. మింగేశాను. అంకె చదవకుండా నొక్కింది నేను.

మూడింటికి మిగతా పడవలన్నీ వచ్చేశాయి. బావ పడవ నాలుగు దాటాక వచ్చింది, సగం నీళ్ళతో, వల లేకుండా. నేను మోకాళ్ళ లోతుకి పరిగెత్తాను.

"సెట్టు పలకడం మానీసిందే" అన్నాడు బావ రొప్పుతూ. "బేటరీ మార్సినాను. ఫ్యూజు మార్సినాను. సెట్టు ఇప్పి కూడా సూసినాను. నీ జాయింటొక్కటే ముట్టుకోలేదు. నువ్వు నొక్కింది పోదు కదా! అవతల పడవలు ఒడ్డుకి ఎల్లిపోతంటే సూసి, అప్పుడొచ్చీసినాం."

పడవెక్కి ఆ వైరుని రెండు వేళ్ళతో లాగాను. వచ్చేసింది. రాగి అల్లిక ఒక్క పోగు తెగకుండా నా చేతిలో ఉంది. బావ దాన్ని చూశాడు, నన్ను చూశాడు. చుక్క సంగతి, బొట్టు సంగతి, అంతా చెప్పేశాను. ఆయన ఆ అల్లికని వేళ్ళతో ఒకసారి తడిమాడు. తరవాత ఒడ్డున చేతులూపుతున్న అక్క వైపు చూసి, "బొట్టు సంగతి దానికి సెప్పకు" అన్నాడు.

చెప్పలేదు. ఎర్ర చుక్క గీకేశాను. ఇప్పుడు ఏ డై అయినా కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, అంకె చదివాకే బిగిస్తాను. మరుసటి దసరాకి అక్క మళ్ళీ అన్నిటికీ బొట్లు పెట్టింది. నేను పక్కనే నిలబడి చూశాను.

బావ ఇప్పటికీ నా కొట్టుకే వస్తాడు. ఎప్పటిలాగే వేళాకోళం ఆడతాడు. నేను జాయింటు నొక్కి, గట్టిగా లాగి చూసి, వైరు చేతికిస్తాను. ఆయన దాన్ని తీసుకుని, రోడ్డు వైపు ఎటో చూస్తూ, తనూ ఒకసారి లాగుతాడు.