నా మీద లేని చుట్ట వాసన

చుట్ట మానేస్తే ఉద్యోగం ఖాయమవుతుందని నమ్మినవాణ్ణి నేను. ఇంతకన్న పెద్ద తెలివితక్కువతనం ఏలూరు కాలవకి ఈ గట్టునా ఆ గట్టునా వెతికినా దొరకదు. ఎవరో బలవంతపెట్టి నమ్మించారా అంటే అదీ లేదు. బి.ఏ. దాకా చదువుకుని, నా అంతట నేనే నమ్మాను.

పొగ విషయంలో నా ఇష్టాయిష్టాలు ముందే చెప్పేస్తే మంచిది. సిగరెట్టు నాకెప్పుడూ ఆనలేదు. వెలిగించానన్న సంతోషం పూర్తికాకుండానే అయిపోతుంది. పైగా అది కాగితం. పొద్దస్తమానం ఆఫీసులో కాగితాలతోనే గడిపేవాడికి మళ్ళీ నోట్లో కూడా కాగితమేనా? పైపు సంగతి వేరు. అది పొగ తాగడం కాదు, సంసారం. తుడవాలి, పుల్ల పెట్టి గీకాలి, నింపాలి, నొక్కాలి, అలిగి ఆరిపోతే బుజ్జగించి మళ్ళీ వెలిగించాలి. ఇక మిగిలింది చుట్ట. గోదావరి లంకల్లో పండిన ఆకు. మొదటి దమ్ముకి గొంతు కాస్త గీరుకుంటుంది. రెండోదానికి సర్దుకుంటుంది. మూడోదానికి లోకం మీద కోపం తగ్గుతుంది. చుట్టాలు వస్తారు, పోతారు. చుట్ట మాత్రం చివరిదాకా చేతిలో ఉంటుంది.

ఆ చుట్టని నేను ఒక సంతకం కోసం వదులుకున్నాను.

యాభైల నడుమ మాట. ఏలూరులో కాలవలూ మురుగు కోడులూ చూసే ఒక ఆఫీసులో నేను గుమాస్తాని. టెంపరరీ. మూడు నెలలకోసారి పొడిగింపు కాగితం వచ్చేది. అది వచ్చేదాకా గుండె చేత్తో పట్టుకుని కూర్చోవడం, వచ్చాక మళ్ళీ మూడు నెలల తరవాతి కాగితం కోసం పట్టుకోవడం. గుండె సొంత చోటులో ఉన్న రోజులు తక్కువ.

నా భార్య తాడేపల్లిగూడెంలో, పుట్టింట్లో ఉండేది. పురిటికి వెళ్ళింది, పాప పుట్టింది, ఎనిమిదో నెల కూడా వచ్చింది, తిరిగి మాత్రం రాలేదు. మా మామగారు బజార్లో బెల్లం, పొగాకు అమ్మే వర్తకులు. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఎంతో మెత్తగా, చేతికి ఓ చుట్టల కట్ట అందిస్తూ చెప్పేవారు:

"అల్లుడుగారూ, మీదేమో టెంపరరీ ఉద్యోగం. మాదేమో పర్మనెంటు పిల్ల. ఎలా పంపమంటారండీ?"

చుట్టలు పుచ్చుకుని సాయంత్రం బండెక్కేవాణ్ణి. ఏలూరు వచ్చేలోగా ఒకటి అయిపోయేది, దిగులు మాత్రం అయ్యేది కాదు.

నన్ను పర్మనెంటు చెయ్యాల్సిన మా ఆఫీసరుగారు పైపు మనిషి. తెల్లదొరలు వెళ్ళి ఏడెనిమిదేళ్ళయినా వాళ్ళ పైపు ఆయన నోట్లో ఉండిపోయింది. మద్రాసు నుంచి నెలకో డబ్బా సీమ పొగాకు వచ్చేది. మూత తీస్తే పెళ్ళివారి విడిది వాసన. ఆయన సిద్ధాంతం ఒకటే: "చుట్ట పొలంలో, సిగరెట్టు వీధిలో, పైపు కుర్చీలో." ఈ లెక్కన నేను పొలంలో ఉండవలసినవాణ్ణి.

హెడ్డుగుమాస్తాగారు ఒకరోజు నన్ను పక్కకి పిలిచారు.

"ఏవండోయ్, మీ పనికి వంక లేదు. అక్షరాలు ముత్యాలు. వాసనే బాగాలేదు. ఆ చుట్ట అవతల పారేసి చూడండి, ఈసారి పర్మనెంటు కాకపోతే నన్నడగండి."

తరవాత అడిగాను కూడాను. "నేనేం చెయ్యనండీ," అన్నారు. అది తరవాతి కథ.

ఆ సాయంత్రమే చుట్టల కట్ట కాలవలో వదిలేశాను. మొదటి వారం ఎలా గడిచిందో చెబితే నవ్వుతారు. ఒకే అంకెల వరసని నాలుగుసార్లు కూడితే నాలుగు మొత్తాలు వచ్చాయి. అన్నం సహించేది కాదు. నోట్లో ఏలకులు, నోట్లో లవంగాలు, నోట్లో తిట్లు. ఓరోజు చుట్ట తాగుతూ వెళ్తున్న బండివాడి వెనకాల, ఆ పొగ కోసం, వంతెన దగ్గర్నుంచి స్టేషను దాకా నడిచాను. "ఏవండీ, నాతో ఏమైనా పనుందాండీ?" అని వాడు వెనక్కి తిరిగి అడిగాడు. లేదన్నాను. అంత పెద్ద అబద్ధం అంతకుముందు ఆడలేదు.

తరవాత గూడెం వెళ్ళినప్పుడు పాపని ఎత్తుకోబోతే గుక్కపట్టి ఏడ్చింది. అంతకు ముందు నా భుజం మీదే నిద్రపోయేది. నా భార్య దగ్గరికొచ్చి నా చొక్కా వాసన చూసి, "మీ దగ్గర మీ వాసన లేదండీ. కొత్తవాళ్ళనుకుంటోంది," అంది. నవ్వుతూనే అంది గాని, లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు.

మానేసినందుకు ఆఫీసులో నాకు దొరికిన గౌరవం ఏమిటంటే, పైపు నింపే పని. "నీ చేతులిప్పుడు శుభ్రంగా ఉన్నాయయ్యా," అన్నారు ఆఫీసరుగారు. నా ముక్కు ముందు రోజూ పొగాకు, నా వేళ్ళకి పొగాకు, నా నోటికి ఏలకులు. అయినా ఓర్చుకున్నాను. ఎందుకంటే ఒకరోజు ఆయనే అన్నారు: "కొల్లేరు కేంపుకి నీ ఫైలు కూడా సంచిలో పెట్టుకో. పని అయ్యాక అక్కడే సంతకం పెడతాను."

ఆ రాత్రే గూడెం ఉత్తరం రాసేశాను, ఇల్లు చూస్తున్నానని. అదీ నా తెలివే.

కొల్లేట్లో నీటి మట్టం కొలవడానికి రెండు తాటిదోనెల్లో బయల్దేరాం. ముందు దోనెలో ఆయన, కొలబద్దలు. వెనక దోనెలో నేను, ఫైళ్ళు, పైపు పొగాకు డబ్బా. మా దోనెకి గెడ వేసే ముసలాయన చుట్టని అడ్డపొగ తాగేవాడు. అంటే నిప్పు నోటి లోపలికి, కొస బయటికి. ఎదురుగాలికి ఆరదు, ఎదుటివాడికి కనపడదు. నేను ఆయన మూసిన పెదాల వంకే చూస్తూ కూర్చున్నాను. కిక్కిస గడ్డిలో దోనె ఏదో మొద్దుకి తగిలి ఒరిగింది. ఫైళ్ళు పట్టుకున్నాను. డబ్బా మూత ఊడి నీళ్ళలో పడింది. సీమ పొగాకంతా నాచు మీద పరుచుకుని, బాతుల మధ్యనుంచి తీరిగ్గా వెళ్ళిపోయింది.

డబ్బా చేతికి అందింది. ఖాళీగా.

నేను ఏడ్చాను. దాచడం ఎందుకు? ముసలాయన గెడ ఆపాడు.

"ఏవైందండి బాబుగారూ?"

"పొగాకు పోయింది."

"ఓస్! మనిషెవరో పడిపోయారనుకున్నానండి. పొగాకేగా?"

"అది కాదయ్యా, నా ఉద్యోగం పోయింది. నా పెళ్ళాం పిల్లా గూడెంలోనే ఉండిపోతారు."

ఆయన కాసేపు నిప్పుని నాలుక మీద అటూ ఇటూ తిప్పుకున్నాడు. తరవాత తలపాగాలోంచి మూడు చుట్టలు తీసి నా ఒళ్ళో పెట్టాడు. "ఆకు ఆకేనండి. గొట్టంలో కూరాక అది ఎవరిదో ఎవరికి తెలుస్తుందండి?"

మునిగేవాడికి చుట్ట కూడా తెడ్డులాగే కనిపిస్తుంది. డబ్బా తుడిచి, చుట్టలు విప్పి, సన్నగా తుంచాను. సంచిలో మామగారిచ్చిన బెల్లం ముక్క ఉంది, జేబులో ఏలకులున్నాయి. బెల్లం తడిచేసి, ఏలకుల పొడి కలిపి, ఎండకి కాసేపు ఆరబెట్టాను. వాసన చూసి ముసలాయన, "పెళ్ళికూతురిలా ఉందండి," అన్నాడు.

మధ్యాహ్నం గట్టు మీద బంగళాలో ఆఫీసరుగారు భోజనం చేసి పైపు అడిగారు. నింపి ఇచ్చాను. కిటికీలు గాలికి మూసి ఉన్నాయి. ఆయన కళ్ళు మూసుకుని నాలుగు దమ్ములు లాగారు. "బాగుందే. కొత్త డబ్బానా?" అన్నారు. ఫైలు తెరిచారు. కలం మూత తీశారు. నా ప్రాణం ఆ కలం మొనకి దిగింది.

అప్పుడాయన ముక్కు ఎగబీల్చారు.

"చుట్ట వాసన."

నేను డబ్బా మూత బిగించాను.

"ఏమయ్యా, చుట్ట వాసన! నువ్వు మానలేదన్నమాట."

"లేదండి, మానేశానండి. మూడు నెలలైందండి."

"మరి ఈ గదిలో ఇంకెవరున్నారు? నేను తాగానా చుట్ట?"

అంటూనే ఆయన నోట్లోంచి, ముక్కులోంచి, మా మామగారి బెల్లంతో కలిసి, అసలు సిసలు లంక చుట్ట గుప్పున వస్తోంది. నిజం చెప్పే దారి లేదు. చెబితే పొగాకు పోగొట్టిన నేరం ఒకటి, దొరగారి నోట చుట్ట పెట్టిన నేరం ఇంకొకటి. చెప్పకపోతే నేరం ఒక్కటే, అది నేను చెయ్యనిది. ఆయన కలం మూత పెట్టేశారు. ఫైలుకి తాడు కట్టేశారు.

"ఇంకో మూడు నెలలు చూద్దాం. ముందు మనిషివి కా," అని, మళ్ళీ పైపు నోట్లో పెట్టుకుని, ఆఖరి పొడి దాకా పీల్చారు.

బయటికొచ్చి గట్టు మీద కూలబడ్డాను. నీళ్ళు అంతదూరం ఉన్నాయి, పక్షులు అన్ని ఉన్నాయి, నాకొక్కడికే పోవడానికి చోటు లేదు. చుట్ట తాగి సంతకం పోగొట్టుకున్నా ఒక తృప్తి ఉండేది. తాగకుండా పోగొట్టుకున్నాను. ఇల్లు చూస్తున్నానని రాసిన ఉత్తరం వెనక ఇంకో ఉత్తరం రాయాల్సి వచ్చింది, ఇప్పట్లో కాదని. జవాబుగా నా భార్య ఒకే వాక్యం రాసింది: "పాప నిలబడుతోంది, మీరు వచ్చేలోగా నడుస్తుందేమో." నడిచింది కూడా. నేను చూడలేదు.

ఆ ఉత్తరం చదివిన రోజే మద్రాసు నుంచి కొత్త డబ్బా వచ్చింది. మూత తీశాను. పెళ్ళివారి విడిది వాసన. చాలాసేపు చూశాను. చుట్ట తాగానన్న నింద ఎలాగూ మోశాను, తాగించిన పుణ్యమన్నా దక్కకూడదా అనిపించింది.

ఈసారి తొందరపడలేదు. మొదటి వారం సీమ పొగాకులో చిటికెడు చుట్టాకు, రెండో వారం రెండు చిటికెలు. బెల్లం, ఏలకులు మామూలే. నెల తిరిగేసరికి సగానికి సగం. రెండో నెల ఆఖరుకి ఆ పైపులో సీమ పొగాకు పోగు ఒక్కటి లేదు. ఆయన ముక్కు మెట్టు మెట్టుగా దిగి, తనకి తెలియకుండానే పొలంలోకి వచ్చేసింది. మిగిలిన సీమ పొగాకు కొల్లేటి ముసలాయనకి పంపాను. ఆయన ఓ ఆకులో చుట్టి తాగి, "దేవుడి గదిలో కూర్చున్నట్టుందండి, దగ్గు కూడా రాలేదు," అని కబురు చేశాడు, ఇంకెప్పుడూ పంపొద్దని కూడాను.

మూడు నెలలు నిండిన రోజు ఆఫీసరుగారు నన్ను పిలిచారు. గది నిండా పొగ. ఆయన తృప్తిగా గాలి పీల్చారు.

"చూశావా? ఈమధ్య ఆఫీసులో ఎక్కడా చుట్ట వాసన లేదు. ఇప్పుడు మనిషివయ్యావు."

"తమ దయండి," అన్నాను.

సంతకం పెట్టారు. సిరా ఆరేదాకా నేను ఊపిరి తియ్యలేదు. కొంత భయం వల్ల, కొంత ఆ వాసనకి నాకు నోరూరుతున్నందువల్ల.

"పైపు ఆరింది. నింపు," అన్నారు.

నింపాను. గూడెం నుంచి మామగారు ముందురోజే పంపిన చుట్టల కట్టలోది, అన్నిటికన్నా ఘాటైనది ఏరి ఉంచాను. బెల్లం వెయ్యలేదు. ఏలకులూ వెయ్యలేదు. బొటనవేలితో కొంచెం గట్టిగానే నొక్కి, అగ్గిపుల్ల గీసి, నేనే వెలిగించాను.