లచ్చవ్వ పసుపుపచ్చ బాంటం

తెలంగాణ బంద్ వల్ల బస్సుల్లేక ఈ రోజు కోరుట్లలో ఇంట్లోనే ఉన్నాను. పక్కింటి లచ్చవ్వ పెంచే పొట్టి బాంటం కోడి మా గోడెక్కింది. కాళ్లకు ఈకలు, ఒళ్లంతా లేత పసుపు. నెట్‌లో బొమ్మలన్నీ వెతికి, "అవ్వా, ఇది పసుపు రకం బాంటం!" అని ప్రకటించాను.

లచ్చవ్వ పకపకా నవ్వింది. "అది తెల్లదే బిడ్డా. తెలంగాణ అస్తే కోస్తనని పోచమ్మకు మొక్కిన. మొక్కిన కోడని ఎరుకుండాలెనని పసుపు రాస్తున్న."

తర్వాత దాన్ని ఒళ్లోకి తీసుకుని గొంతు తగ్గించింది. "తెలంగాణ రావాలె. గని దీన్నెట్ల కోస్త? ఇంకో కోడినిస్తే అమ్మ ఒప్పుకుంటదా?"

తెలంగాణ ఇవ్వకుండా ఢిల్లీ ఆలస్యం చేస్తోందని రోజూ తిట్టే నేను, ఈ రోజు ఇంకొంచెం ఆలస్యమైనా ఫర్వాలేదనుకున్నాను. పోచమ్మ సంగతి తెలిసినవాళ్లు త్వరగా చెప్పండి. తెలంగాణ వచ్చేలోపే.