దశమినాటి నీళ్ళు

మా మేనమామ పోయారన్న కబురు కాకినాడకి ఉప్పు పడవ మీద వచ్చింది. తెచ్చిన సరంగు నా గుమ్మం ముందు తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని, "మావయ్యగారు ఇంక లేరండి" అన్నాడు. ఈమధ్య కోరంగిలో ఎవరు పోయినా, ఎలా పోయారని అడిగేవాళ్ళు తగ్గారు. ఊరే పోతున్నప్పుడు మనుషులు పోవడం ఎవరికి వింత?

మీలో కోరంగిని ఇప్పుడు మాత్రమే చూసినవాళ్ళకి ఆయన ఎలాంటి మనిషో చెప్పడం కష్టం. ఆయన ఓడలకి కావలసిన మోకులు, తెరచాపగుడ్డ, పలకల సందుల్లోకి నీరు రాకుండా పూసే కీలు అమ్మే వర్తకులు. ఆ కీలు వాసన ఆయన పంచెల్లోంచి ఏ చాకలీ వదిలించలేకపోయాడు. పెళ్ళిపందిట్లో ఆయన ఎక్కడున్నారో కళ్ళు మూసుకుని చెప్పొచ్చని మా అత్త ఎగతాళి చేసేది. మోకు నాణ్యం చూడాలంటే కొస కొరికి, నమిలి, ఉమ్మేసేవారు. భోజనంలో ఉప్పు వెయ్యకపోయినా మాత్రం ఆయనకి తెలిసేది కాదు. తండ్రి లేని నన్ను తెచ్చుకుని పెంచి, ఇంగ్లీషు చదివించి, కాకినాడలో ఈ కొలువులో నిలబెట్టింది ఆయనే. ఆ సంగతి ఒక్కసారి కూడా నాకు గుర్తు చెయ్యలేదు.

కొన్నేళ్ళ కిందట చెన్నపట్నం కంపెనీ ఒకటి ఆవిరి ఓడలు కట్టే కార్ఖానా పెట్టాలని, గోదావరి సముద్రంలో కలిసే మొగల దగ్గర చోటు వెతుకుతోందని తెలిసింది. అయితే మా కోరంగి, లేకపోతే పడమటి వైపు నరసాపురం. కొయ్య ఓడలకి గిరాకీ పడిపోయి మా వడ్రంగులు అప్పటికే ఒక్కొక్కరే రంగూను ఓడ ఎక్కుతున్నారు. కార్ఖానా వస్తే ఉంటారు, రాకపోతే పోతారు. మామయ్య దుకాణం గుమాస్తాకి వదిలేసి ఈ పని మీద పడ్డారు. కచేరీల చుట్టూ తిరిగారు, వడ్రంగుల్ని కూడగట్టారు, చోటు చూడటానికి వచ్చే కంపెనీ దొర కూర్చోవడానికని ప్రత్యేకంగా ఒక కుర్చీ తెప్పించారు. దొరని ఊరేగించడానికి నరసాపురం వాళ్ళు ఏనుగుని తెస్తున్నారని ఎవరో చెబితే, "తేనియ్యండి. ఏనుగు నీళ్ళు తాగుతుంది గానీ రేవులో పొయ్యదు కదా" అన్నారు.

అసలు సంగతి నీళ్ళే. రేవులో లోతెంతుందో దొర ఇనపగుండు కట్టిన తాడు వేసి స్వయంగా చూస్తాడట. పౌర్ణమి వెళ్ళాక గాని తనకి వీలు కాదని, అమావాస్యలోగా ఏ రోజు రావాలో మమ్మల్నే చెప్పమని కబురు పంపాడు. అమావాస్యకి పోటు పెద్దదని, దశమికి చిన్నదని మా ఊళ్ళో చంటిపిల్లలకీ తెలుసు. మామయ్య అమావాస్య అన్నారు.

మా అరుగు మీద కూర్చున్న పురోహితులవారు చెవులు మూసుకున్నారు. లోపలినుంచి అత్త, "అమావాస్యనాడు మొదలెట్టిన పని ఏదైనా గట్టెక్కిందాండీ?" అంది. మామయ్య ఓడల మేస్త్రి వైపు చూశారు. వాళ్ళిద్దరూ చిన్ననాటి స్నేహితులు. ఊళ్ళో సగం ఓడలు ఆ మేస్త్రి చేతిమీదుగా నీళ్ళలోకి దిగినవే.

"నీళ్ళు తవరు చెప్పినట్టే ఉంటాయి బాబూ," అన్నాడు మేస్త్రి. "కానీ అమాసనాడు నేనెప్పుడూ ఉలి పట్టలేదండి. మా పిల్లల కూడు ఆ రోజున మొదలెడదామంటే మనసొప్పట్లేదండి."

ఎవరి కోసం పాటుపడుతున్నారో వాళ్ళే ఆ మాట అన్నాక మామయ్య ఇంకేం చెబుతారు? పురోహితులవారు మంచిదన్న బహుళ దశమి, గురువారం ఖాయమైంది.

ఆ రోజు రేవులో మామిడాకుల తోరణాలున్నాయి, సన్నాయి ఉంది, కుర్చీ ఉంది. నీళ్ళు లేవు. దొర పడవలోంచి తాడు వేశాడు, తీశాడు, ఇంకోచోట వేశాడు. గుండుకి అంటిన బురదని వేలితో తీసి చూసి పక్కవాడితో ఏదో అన్నాడు. అమావాస్యదాకా ఆగితే నిండుగా ఉంటుందని మామయ్య దుబాసీ చేత చెప్పించారు. దొర నవ్వి, కొబ్బరినీళ్ళు తాగి, కుర్చీ చాలా బాగుందని మెచ్చుకుని వెళ్ళిపోయాడు.

కార్ఖానా మాకు రాలేదు. కొన్నాళ్ళకి నరసాపురానికీ రాలేదని తెలిసింది. ఆ రోజు మా ఊళ్ళో బెల్లం పంచారు! ఎదుటివాడికి అపశకునం కావాలని తన ముక్కు కోసుకునే రకం మావాళ్ళు. బెల్లం పళ్ళెం దుకాణం దగ్గరికి రాగానే మామయ్య మండిపడ్డారు.

"వాళ్ళకైనా వచ్చుంటే మనవాళ్ళు కాలవ పడవెక్కి అక్కడికి పోయేవాళ్ళు కదరా! పండక్కీ పబ్బానికీ ఇంటికొచ్చేవాళ్ళు. ఇప్పుడు సముద్రం దాటాలి. దాటినవాడు ఎప్పుడొస్తాడు?"

అంటూనే పైపంచెతో కళ్ళు ఒత్తుకున్నారు. ఆయన ఏడవగా చూడటం నాకదే మొదటిసారి. ఆ ఏటి వానలు వెలిశాక మేస్త్రి కొడుకులతో సహా రంగూను వెళ్ళిపోయాడు. మామయ్య ఒక మోకు చుట్ట మోసుకెళ్ళి అతని చేతిలో పెట్టారు. "అక్కడ దొరకవా బాబూ?" అన్నాడు మేస్త్రి. "దొరుకుతాయి. నేను కొరికి చూసినవి దొరకవు" అన్నారు మామయ్య.

అప్పటినుంచి అమావాస్య వస్తే రేవు వైపు తలుపు వేయించుకునేవారు. "ఆ నిండునీళ్ళు చూడలేనురా" అనేవారు. ఓదారుద్దామని నేనోసారి, "కార్ఖానా వచ్చినా నిలిచేది కాదేమో మామయ్యా, గోదావరి ఏటా మేట వేస్తూనే ఉంది కదా" అన్నాను.

"కార్ఖానా ఉంటే వాళ్ళ ఓడల కోసం వాళ్ళే తవ్వించుకునేవాళ్ళు. ఏమీ లేని రేవుని ఎవడు తవ్విస్తాడు?" అన్నారు. ఆ వెంటనే, "ఊరి మాట విన్నాను, చంద్రుడి మాట వినలేదు" అని గోడవైపు తిరిగి పడుకున్నారు. తప్పు ఆ ఒక్కరోజుదేనని, నిండునీళ్ళు ఇప్పటికీ అక్కడే ఉన్నాయని ఆయన చివరిదాకా నమ్మారు.

ఆయన పోయిన మూడోనాడు అస్థికలు కలపడానికి కోరంగినుంచి మొగ దగ్గరికి పడవలో బయలుదేరాం. అది అమావాస్య. చావు పనికి తిథి ఎవరు చూస్తారు? మామయ్య కొడుకు, మా బావ, కుండ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. సముద్రం కనిపిస్తూనే ఉంది. పడవ అడుగు మేటకి తగిలి ఆగిపోయింది.

"పోటు వచ్చేదాకా ఆగుదామయ్యా" అన్నాను పడవవాడితో.

అతను గెడ నీళ్ళలో గుచ్చి చూశాడు. "వచ్చేసిందండి. అమాస పోటు ఇదేనండి. కొన్నేళ్ళబట్టి ఇంతకి మించి రాట్లేదండి."

ఆ మాట వినకుండానే మామయ్య వెళ్ళిపోయారు. అదొక్కటీ మేలే అనుకోబోయాను గానీ దుఃఖం ఆగలేదు. బావ కుండని నెత్తిన పెట్టుకుని పడవ దిగాడు. అతని వెనకాలే నేనూ దిగాను. మోకాళ్ళ లోతు నీళ్ళలో, కూరుకుపోతున్న కాళ్ళు లాక్కుంటూ, ఇద్దరం సముద్రం వైపు నడవడం మొదలుపెట్టాం.