మూడో విడత

అలియాబాద్ పరపతి సంఘం కార్యదర్శి షఫీయుద్దీన్‌కు కొత్త చట్టం విడతలుగా వచ్చింది. పొలం కొడుకులకిచ్చాక ఆయనకు మిగిలిన పని ఆ సంఘమొక్కటే. ప్రతి విడతనూ సభ్యుల ముందు రెండుసార్లు చదివేవాడు: మొదట కాగితంలో ఉన్నట్టు, తర్వాత కళ్లద్దాలు నుదుటికెక్కించి, ఊరి మాటల్లో. అప్పుకు నోటిమాట జమానతు, అంటే హామీ, ఇక చెల్లదని చెప్పిన రోజు తిట్లన్నీ ఆయనే తిన్నాడు. ఈసారి కాగితం ఒకసారి చదివి ఆగిపోయాడు. కళ్లద్దాలు పైకి పోలేదు.

“సమజ్ కాలె చాచా, మల్ల జెప్పు,” అన్నాడు సభ్యుల చాప మీంచి లక్ష్మణ్.

“డెబ్బై దాటినోడు కార్యదర్శిగ ఉండొద్దంట. అంటె నేనే.”

“గా ముక్క మింగితే మాకెట్ల ఎరుకైతుండె?”

“నీ నోటిమాట చెల్లదన్ననాడు మింగిన్నా?” షఫీయుద్దీన్ మోకాళ్లు పట్టుకుని కుర్చీలోంచి లేచాడు. “జర జరుగు బిడ్డా. నన్ను గూడ చాప మీద కూసోనియ్యి.”